ఎడిషన్ పలకకు రీసేల్‌లో ఎంతిస్తారు?

కొత్త కారు కొనబోయే వాళ్ళు స్పెషల్ ఎడిషన్ దగ్గర ఆగిపోయినప్పుడు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే: "ధర కాస్త ఎక్కువే అనుకో, కానీ అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుంది కదా?" వినడానికి ప్రశ్నలాగే ఉంటుంది. నిజానికి మనసు అప్పటికే ఆ రంగు మీద పడిపోయి ఉంటుంది, ఇంట్లో చెప్పడానికి ఒక సాకు కావాలి. సాకుల్లో రీసేల్ అంత పెద్దమనిషి తరహా సాకు ఇంకోటి లేదు. నచ్చింది అంటే దుబారా, విలువ నిలుస్తుంది అంటే ముందుచూపు.

నా జవాబు: చాలావాటికి తిరిగి రాదు. వచ్చేవీ ఉన్నాయి, కొన్నిటికైతే పదింతలు వచ్చింది. కానీ ఏది నిలుస్తుందో ఏది జారుతుందో తేల్చేది డ్యాష్‌బోర్డు మీది పలకలో చెక్కిన నంబరు కాదు. ఆ బండ్లు అన్నే ఎందుకు ఉన్నాయన్నదే అసలు సంగతి. కంపెనీ కావాలని తక్కువ చేసిందా, లేక అంతకుమించి చేయలేకపోయిందా? కావాలని తగ్గించిన లెక్కను కంపెనీ రేపు కావాలని పెంచగలదు. చేయలేక ఆగిన లెక్క ఇక పెరగదు.

ముందు మామూలు ఎడిషన్ల సంగతి చూద్దాం, రోడ్డు మీద కనిపించేవాటిలో ఎక్కువ ఇవే కాబట్టి. ఓ మోడల్ వచ్చి నాలుగైదేళ్ళు అవుతుంది. కొత్త తరం వస్తోందని అందరికీ తెలుసు, షోరూంలో జనం పలచబడతారు. అప్పుడు కంపెనీ మధ్య వేరియంట్‌ను తీసుకుని పై వేరియంట్ అలాయ్ వీల్స్ తొడుగుతుంది. సీట్లకు ఎర్ర దారంతో కుట్టు వేయిస్తుంది, గ్రిల్‌కు నల్లరంగు కొడుతుంది, తలుపు తీస్తే గడప దగ్గర వెలిగే పట్టీ పెడుతుంది, డిక్కీ మీద ఒక బ్యాడ్జీ అతికిస్తుంది. ఇంజన్ అదే, గేర్‌బాక్సు అదే, బ్రేకులు అవే. ఇందులో మోసమేమీ లేదు. కదలని సరుకును కదిలించడానికి అమ్మేవాడు చేసే పనే ఇది. కాకపోతే దాన్ని అరుదైన వస్తువుగా ఊహించుకుని కొంటే ఆ ఊహ ఖర్చు మనమే పెట్టుకోవాలి.

ఈ విద్యలో పాత మినీని మించింది లేదు. 1959లో పుట్టిన ఆ చిన్న కారు 2000 దాకా తయారైంది. 1980ల నాటికి అది పాతబడింది, పెద్ద మార్పులు చేయడానికి డబ్బు లేదు. దాంతో ఎడిషన్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. రిట్జ్, చెల్సీ, పికడిలీ, పార్క్ లేన్ అంటూ లండన్ వీధుల, పేటల, హోటళ్ళ పేర్లు అయిపోయాక రెడ్ హాట్, జెట్ బ్లాక్, రోజ్, స్కై, రేసింగ్, ఫ్లేమ్ అంటూ రంగుల మీద, ఊహల మీద పడ్డారు. మారిందల్లా పెయింటు, సీటు గుడ్డ, పక్క గీతలు. ఈనాడు పాత మినీల్లో పెద్ద ధర పలికేది వీటికి కాదు, 1960ల నాటి కూపర్ ఎస్‌కు. దాని ఇంజన్ వేరు, బ్రేకులు వేరు, గెలిచిన ర్యాలీలు వేరు.

పాత కార్లు కొనేవాళ్ళు ధర కట్టే ఫారం ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? కంపెనీ, మోడల్, తయారైన ఏడాది, ఇంధనం, గేర్లు మాన్యువలా ఆటోమేటికా, వేరియంట్, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, ప్రమాదం జరిగిందా, బీమా ఎప్పటిదాకా ఉంది. ఎడిషన్‌కు చాలాసార్లు గడే ఉండదు. వేరియంట్ జాబితాలో మీ ఎడిషన్ పేరు లేకపోతే దానికి దగ్గరగా ఉన్న మామూలు వేరియంట్ కింద టిక్కు పడుతుంది. మొదటి అంకె అక్కడే పుడుతుంది, ఆ తరువాత జరిగే బేరమంతా దాని చుట్టూనే.

ఓ స్నేహితుడి బండి అమ్మకానికి తోడు వెళ్ళినప్పుడు ఆ తనిఖీ పక్కనే నిలబడి చూశాను. చూడటానికి వచ్చినతను చేతిలో పెయింటు మందం కొలిచే చిన్న మీటరు పట్టుకుని బానెట్ నుంచి మొదలుపెట్టి ఒక్కో రేకు మీద ఆనిస్తూ చుట్టూ తిరిగాడు. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చదివాడు. అందులో మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. బ్రేకు డిస్కు అంచున గోరు పెట్టి గీశాడు. డ్రైవరు సీటు పక్క ఉబ్బు ఎంత నలిగిందో, అది మీటరు చూపిస్తున్న కిలోమీటర్లకు తగినట్టే ఉందో లేదో చూశాడు. మా వాడు ఉండబట్టలేక డ్యాష్‌బోర్డు మీద నంబరు చెక్కిన పలక చూపించాడు. అతను దాన్ని చూసి, మర్యాదగానే తల ఊపి, తలుపు మీద పొడుగ్గా ఉన్న గీతల స్టిక్కరు వైపు తిరిగి అడిగాడు: "ఇవి పీకేస్తే కింద రంగు ఒకేలా ఉంటుందాండీ?" ఎండకు చుట్టూ రంగు వెలిసి, స్టిక్కరు కింద మాత్రం కొత్తగా ఉండిపోతుందని అతని అనుమానం. తరువాత కొనేవాళ్ళకు గీతలు నచ్చకపోతే తలుపులు మళ్ళీ పెయింటు చేయించాలి. ఆ ఖర్చు కూడా ధరలోంచి తీసేశాడు. ఎడిషన్ కోసం అదనంగా కట్టిన సొమ్ములో తిరిగి వచ్చిన భాగం సంగతి సరే, దానివల్లే ఇంకొంచెం పోయింది.

"మా ఎడిషన్ మామూలు దానికన్నా ఎక్కువకే అమ్ముడుపోయింది" అనేవాళ్ళు ఉంటారు. అబద్ధం చెప్పరు, లెక్కే సగంలో ఆపేస్తారు. మామూలు వేరియంట్ ధర నూరు అనుకోండి, ఎడిషన్ నూట పది. ఐదేళ్ళ తరువాత మామూలుది యాభైకి పోయింది, ఎడిషన్ యాభై మూడుకు పోయింది. మూడు ఎక్కువ వచ్చిన మాట నిజం. కానీ ఆ మూడు కోసం మొదట్లో పది కట్టారు. మామూలుది కొన్నవాడికి యాభై పోయింది, మీకు యాభై ఏడు పోయింది. కారుకు విడిగా పెట్టించే హంగులు కారుకన్నా వేగంగా తరుగుతాయి. ఎడిషన్ అంటే ఆ హంగులన్నీ ఒకే మూటగా కట్టి దానికో పేరు పెట్టడం. మూటకు పేరున్నంత మాత్రాన లోపలి వస్తువులు తరగడం మానవు.

ఇక రంగు. కంటికి కొట్టే నారింజ రంగులో, ఊదా రంగులో వచ్చే ఎడిషన్లకు అభిమానులు గట్టిగానే ఉంటారు, కానీ కొద్దిమందే. అలాంటి ఒక్క మనిషి దొరికితే మంచి ధర వస్తుంది. దొరికేదాకా ఆగే ఓపిక, బండి నిలిపే చోటు మీకు ఉండాలి.

సరే, ఇవన్నీ మామూలు కార్లు, అసలైన స్పోర్ట్స్ కార్ల సంగతి వేరు అంటారా? 1978 కార్వెట్ కథ వినండి. ఆ ఏడాదికి కార్వెట్ పుట్టి 25 ఏళ్ళు. ఇండియానాపొలిస్ 500 పందెంలో మిగతా కార్ల ముందు నడిచే పేస్ కారుగా మొదటిసారి దాన్నే ఎంచుకున్నారు. దానికి గుర్తుగా షెవర్లే పైన నలుపు, కింద వెండి రంగు, మధ్యలో ఎర్రగీతతో ఒక ఎడిషన్ తెచ్చింది. మొదట అనుకున్నది 300 బండ్లు. కానీ దేశంలో ఉన్న ప్రతి డీలరూ ఒకటి కావాలన్నాడు. కాదనలేక 6,502 చేశారు. మామూలు కార్వెట్ 9,350 డాలర్ల దగ్గర మొదలైతే దీని ధర 13,653 డాలర్లు. ఆ ఏడాది మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ ఈ బండి చుట్టూ రేగిన ఆత్రం మీద మొదటి పేజీలో వార్త వేసింది. అంతే, అప్పటిదాకా స్పోర్ట్స్ కారు స్టీరింగ్ పట్టనివాళ్ళు కూడా ఎగబడ్డారు. అసలు ధరకు రెట్టింపు, ఆపైన కూడా అడిగారు, కొందరు కట్టారు. తలుపుల మీద అంటించాల్సిన పందెం స్టిక్కర్లను విప్పకుండా, సీట్ల మీద ప్లాస్టిక్కు తీయకుండా షెడ్డుల్లో పెట్టి తాళం వేశారు.

అందరూ దాచిపెట్టిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? నలభై ఏళ్ళ తరువాత షెడ్డు తలుపులు తెరిస్తే ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి, అన్నీ తక్కువ తిరిగినవే, అన్నీ "కొత్తలా ఉన్నవే". 1978 నాటి 13,653 డాలర్లు నేటి డబ్బులో 60 వేలు దాటుతాయి. ఆ ఎడిషన్‌లో చక్కగా ఉన్న బండి ఇప్పుడు అందులో సగానికి కూడా దొరుకుతుంది. బీమా, టైర్లు, నలభై ఏళ్ళ షెడ్డు అద్దె నేను కలపనే లేదు. ఇంజన్ విషయానికొస్తే, దానిలో వచ్చిన రెండు ఇంజన్లూ ఆ ఏడాది మామూలు కార్వెట్లోనూ దొరికేవే.

కార్వెట్ కొన్నవాళ్ళకు లెక్క పెరిగి దెబ్బ తగిలితే, 1976 క్యాడిలాక్ ఎల్డొరాడో కొన్నవాళ్ళకు మాట మారి తగిలింది. అమెరికాలో పైకప్పు మడిచే కార్లు అప్పటికి తగ్గిపోతూ వచ్చాయి. అమ్మకాలు పడిపోయాయి, బోల్తా పడినప్పటి భద్రత మీద కఠినమైన నిబంధనలు వస్తాయన్న భయం ఒకటి. ఇదే చివరి అమెరికన్ కన్వర్టిబుల్ అని క్యాడిలాక్ ప్రచారం చేసుకుంది. ఆ ఏడాది 14,000 చేసింది. ఆఖరి 200 బండ్లను తెల్లగా, ఎర్ర నీలం సన్నగీతలతో ఒకేలా తీర్చింది. జనం చరిత్రలో ఆఖరి ముక్క కొంటున్నామనుకుని కొన్నారు. భయపడిన నిబంధన రాలేదు. 1982లో క్రైస్లర్ లెబారన్ కన్వర్టిబుల్ వచ్చింది, 1984 మోడల్‌గా ఎల్డొరాడో కన్వర్టిబుల్ మళ్ళీ వచ్చేసింది. పాతవి దాచుకున్నవాళ్ళు కొందరు మోసపోయామని కోర్టుకెక్కారు, గెలవలేదు.

అందుకే 'ఫైనల్ ఎడిషన్' అన్న పేరు వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. ఆఖరిది అన్న మాటకు గ్యారంటీ కార్డు ఉండదు. 2023లో డాడ్జ్ తన చాలెంజర్, చార్జర్ కార్లలోని వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) రకాలకు వీడ్కోలుగా 'లాస్ట్ కాల్' ఎడిషన్లు అమ్మింది. హెమీ అనే ఆ వీ8 ఇంజన్ కథ ముగిసిందన్న బెంగే వాటి అమ్మకానికి ఇంధనం. 2025 జూన్‌లో అదే గొడుగు కింద ఉన్న ర్యామ్ కంపెనీ తన 1500 పికప్‌లో హెమీని తిరిగి తెస్తున్నట్టు ప్రకటించింది. చాలెంజర్ తిరిగి వచ్చిందని నేను అనడం లేదు. కానీ బెంగకు కట్టిన ధర అక్కడే కొంత కరుగుతుంది.

వీటిని మించిన పాఠం పోర్షా 911 ఆర్. 2016 మార్చిలో జెనీవా ప్రదర్శనలో చూపించారు, చేసింది 991. ఇది స్టిక్కర్ల ఎడిషన్ కానే కాదు. రేసుబండి లాంటి జీటీ3 ఆర్ఎస్ లోని 500 హార్స్‌పవర్, 4 లీటర్ల ఇంజన్ తెచ్చి, వెనక పెద్ద రెక్క తీసేసి, ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు. అప్పటి జీటీ3లో మాన్యువల్ దొరికేది కాదు, ఆటోమేటిక్ ఒక్కటే. అభిమానులు దానికోసం అలమటిస్తున్న సమయంలో వచ్చిన 991 బండ్లు అవి. అమెరికాలో 1,84,900 డాలర్ల ధరతో వచ్చిన బండికి నెలల్లోనే మూడింతలు, నాలుగింతలు అడిగేవాళ్ళు తయారయ్యారు.

ఆ తరువాతి ఏడాది కొత్త జీటీ3కి పోర్షా మాన్యువల్ ఇచ్చింది. సెప్టెంబరులో ఆ మాన్యువల్‌తోనే పెద్ద రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ కూడా తెచ్చింది. దానికి నంబర్ల పరిమితి లేదు. 911 ఆర్ ధర దిగివచ్చింది. అలాగని కుప్పకూలలేదు, నేటికీ అసలు ధరకన్నా బాగా పైనే ఉంది. ఎందుకంటే దాని లోపల ఉన్న బరువు తగ్గింపు, ఇంజన్, నడిపినప్పుడు దొరికే అనుభవం నిజమైనవి. పోయిందల్లా, "ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు" అన్న నమ్మకానికి జనం కట్టిన పై ధర. ఆ నమ్మకం కంపెనీ ఇచ్చింది, కంపెనీయే తీసేసుకుంది. పైగా దానికి తప్పు పట్టడానికి లేదు. మాన్యువల్ కావాలని అడిగిన కొనుగోలుదార్లకు మాన్యువల్ ఇచ్చింది, అంతే.

మరి నిలిచినవి ఎందుకు నిలిచాయి?

1972లో పోర్షా కారెరా ఆర్ఎస్ 2.7 చేయాల్సి వచ్చింది, రేసు నిబంధన ప్రకారం కనీసం 500 రోడ్డు కార్లు అమ్మితేనే ఆ కారును ఆ తరగతి పందెంలోకి రానిచ్చేవాళ్ళు. పలచటి రేకు, పలచటి అద్దాలు, వెనక బాతు తోకలాంటి స్పాయిలరు. ఇంత బోసిగా ఉన్న కారు 500 అమ్మగలమా అని అమ్మకాల విభాగమే భయపడింది. ప్యారిస్ ప్రదర్శనలో చూపించాక వారాల్లోనే 500 అయిపోయాయి. చివరికి 1,580 చేశారు. అంటే అనుకున్నదానికి మూడింతలు! లెక్కే విలువను నిలబెట్టేదైతే ఈ బండి ధర ఎప్పుడో పడిపోవాలి. పడలేదు, పాత 911లలో అందరూ వెతికేవాటిలో అదొకటి. ఫెరారీ ఎఫ్40 కూడా అంతే. 400 అనుకుని మొదలుపెట్టి 1,300 దాటించారు. దాని ధరను ఆ అదనపు 900 ఏమీ చేయలేకపోయాయి.

సుబారు తన ఇంప్రెజా కారుకు చేసిన 22బీ ఎడిషన్ ఇంకో రకం. 1998లో జపాన్‌లో 400 అమ్మకానికి పెడితే రెండు రోజులు కూడా పట్టలేదు. ఇది కంపెనీ 40 ఏళ్ళ పండుగ, ర్యాలీ ప్రపంచ టైటిళ్ళ పండుగ కలిపి చేసిన ఎడిషనే, కావాలని తక్కువ చేసిందే. నా వాదనకు అడ్డం వచ్చే బండి ఇది, ఒప్పుకుంటాను. కానీ దాని పక్కనే అదే ఇంప్రెజాకు బ్రిటన్‌లో అదే కాలంలో వచ్చిన ఎడిషన్లు పెట్టి చూడండి: సిరీస్ మెక్‌రే 200 బండ్లు, కటలున్యా 200, టెర్జో 333, ఆర్బీ5 444. లెక్కలో మొదటి మూడూ 22బీ కన్నా అరుదైనవి. ధరలో మాత్రం దాని దరిదాపుల్లోకి రావు. 22బీకి 2 లీటర్ల ఇంజన్ బదులు 2.2 లీటర్లది పెట్టారు, చక్రాల మీది రేకులు వెడల్పు చేశారు, మామూలు ఇంప్రెజా కొని తీరిగ్గా దానిగా మార్చుకునే వీలు లేకుండా చేశారు. మిగతా వాటిలో ఎక్కువగా పని చేసింది రంగు, సీట్లు, చక్రాలు, బ్యాడ్జీలు. తక్కువ చేయడం రెండిటికీ ఒకటే అయినప్పుడు గెలిచింది లోహం, అంటే నిజంగా మార్చిన ఇంజన్, రేకులు.

మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు కారుకు ఎడిషన్ పేరే లేదు. 300 చేద్దామనుకున్నారు, కొనేవాళ్ళు లేక రేసు కార్లు, నమూనాలు అన్నీ కలిపి 106 దగ్గర ఆగిపోయింది. అప్పట్లో అది పరాజయం. 2021 ఆగస్టులో పెబుల్ బీచ్ వేలంలో అందులో ఒకటి 2 కోట్ల డాలర్లు దాటింది. అమ్ముడుపోకపోవడమే అరుదుతనం అయింది. ఇది ఎవరూ ముందే పథకం వేసి సాధించగలిగేది కాదు, అందుకే ఎవరూ తిరగరాయలేరు కూడా.

అయితే లోహం ఉన్నా సమయం కలిసిరాకపోతే ఏమవుతుందో జాగ్వార్ ఎక్స్‌జే220 చెబుతుంది. 1988లో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో వీ12 ఇంజన్‌తో, నాలుగు చక్రాల డ్రైవ్‌తో చూపించారు. జనం 50,000 పౌండ్ల చొప్పున అడ్వాన్సులు కట్టారు. వాళ్ళలో చాలామంది నడపడానికి కాదు, ఆర్డరు కాగితాన్నే లాభానికి అమ్ముకుందామని కట్టినవాళ్ళు. బండి చేతికొచ్చేసరికి 1992. వీ12 పోయి టర్బో వీ6 వచ్చింది, నాలుగు చక్రాల డ్రైవ్ పోయి వెనక చక్రాల డ్రైవ్ వచ్చింది, 2,90,000 పౌండ్ల ధర 4,70,000 అయింది. ఈలోగా పాత కార్ల మార్కెట్టు కూలి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. బండి తీసుకోమంటే కోర్టుకెళ్ళారు. చేసినవి 300 లోపే, అయినా చివరి బండ్లు ఏళ్ళ తరబడి అమ్ముడుపోక సగం కన్నా తక్కువ ధరకు పోయాయి. ఎంత వేగంగా వెళ్ళే కారైనా దాన్ని కొనేవాళ్ళ జేబు ఖాళీ అయిన రోజున అది నిలబడి ఉన్న కారే.

ఈ ఆర్డరు కాగితాల వ్యాపారం కంపెనీలకూ నచ్చదు. 2017 ఫోర్డ్ జీటీ కొన్నవాళ్ళ చేత రెండేళ్ళ దాకా అమ్మబోమని సంతకం పెట్టించుకున్నారు. నటుడు, కుస్తీ వీరుడు జాన్ సీనా వారాల్లోనే అమ్మేస్తే ఫోర్డ్ దావా వేసింది, ఆ తరువాతి ఏడాది రాజీ కుదిరింది. పోర్షా 2023లో 911 ఎస్/టీని 1,963 బండ్లకు పరిమితం చేసి, అమెరికాలో మొదటి ఏడాది లీజుకే ఇచ్చింది. వెంటనే అమ్మి లాభపడదామనుకునేవాళ్ళకు ఆ దారి కూడా ఇరుకవుతోందన్నమాట. లాభం ఎక్కువగా ఉండేది మొదటి నెలల్లో, అప్పుడేమో అమ్మే హక్కు మీ చేతిలో ఉండదు.

దాచిపెట్టడం గురించి రెండు మాటలు. నడవని కారు పాడు కాదనుకోవడం భ్రమ. ఒకే చోట నిలబడ్డ టైరు అడుగు చదునవుతుంది, వాడినా వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. రబ్బరు సీళ్ళు ఎండి నూనె కారుస్తాయి, పెట్రోలు నిలవై జిగురుగా మారుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. టైమింగ్ బెల్టు కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కపెడుతుంది. నడపనందుకు ఆదా అయిందనుకున్నది సర్వీసు బిల్లులో కనిపిస్తుంది. నడిపితేనేమో మీటరు పెరిగి విలువ తగ్గుతుంది. ఆస్తిగా కొన్న కారును ఆస్వాదించిన ప్రతిసారీ ఆస్తి తరుగుతుందన్నమాట, ఇంతకన్నా విడ్డూరమైన పెట్టుబడి నాకు తెలియదు.

దీనికి తోడు, ఎడిషన్‌కే ప్రత్యేకమైన భాగం విరిగితే దొరకదు. ఆ ముందు బంపరు, ఆ చక్రం, ఆ సీటు గుడ్డ కంపెనీ కొన్నేళ్ళు మాత్రమే చేస్తుంది. మెరుపు లేని మ్యాట్ పెయింటు ఎడిషన్లయితే మరీ, చిన్న గీతను రుద్ది పోగొట్టడం కుదరదు, రేకు మొత్తం మళ్ళీ కొట్టించాలి. బీమా కంపెనీ మీ కారును మామూలు వేరియంట్‌గానే లెక్కేసి ఉంటే నష్టపరిహారం కూడా ఆ లెక్కనే వస్తుంది. విలువ ముందే ఒప్పందం చేసుకునే పాలసీ తీసుకోకపోతే ఎడిషన్ కోసం కట్టిన అదనం ప్రమాదం రోజునే సున్నా.

పాతది కొనేవాళ్ళకు మాత్రం ఈ కథంతా వరం. మొదటి ఓనరు పది ఎక్కువ కట్టి మూడుకు అమ్ముకుంటున్నాడంటే, ఆ ఏడూ మీకు మిగిలినట్టే. 1999లో మాజ్దా ఎంఎక్స్-5 పదేళ్ళ పండుగ ఎడిషన్ ప్రపంచమంతటికీ 7,500 చేశారు. ఆరు గేర్ల పెట్టె, మంచి షాక్ అబ్జార్బర్లు, నంబరు పలక, నీలం సీట్లు. ఇవాళ దాని ధరను ముందుగా తేల్చేది గడపల కింద తుప్పు ఎంత ఉందన్నదే, పలక ఆ తరువాతే. అదే కారు, అదే గేర్లు, అదనం దాదాపు లేదు. అలాంటి చోట ఎడిషన్ వెతికి మరీ కొనమంటాను.

లోహం ఉన్న ఎడిషన్ అయితే మాత్రం ముందు కాగితాలు. ధర పెరిగిన ప్రతి ఎడిషన్‌కూ నకళ్ళు పుడతాయి. కారెరా ఆర్ఎస్‌లా వేషం వేసిన మామూలు 911లు ఎన్నో ఉన్నాయి. పలక, బ్యాడ్జీ, స్టిక్కరు ఎవరైనా చేయించుకోగలరు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఫ్యాక్టరీ ఆప్షన్ల కోడ్లు కంపెనీ రికార్డుతో పోల్చి చూడకుండా ఒక్క పైసా ఇవ్వకండి.

కొత్తదే కొనాలనుకుంటే ఒక చిన్న లెక్క వేసుకోండి. ఎడిషన్‌లో కలిపినవన్నీ ఒక కాగితం మీద రాసి, అందులో మీరు ఎటూ విడిగా కొనేవాటికి మాత్రమే ధర వేయండి. పైకప్పు అద్దం కావాలా, ఆ మంచి స్పీకర్లు కావాలా, కెమెరా కావాలా. వెలిగే గడప పట్టీకి, ఎర్ర కుట్టుకు, పలకకు సున్నా వేయండి. కలిపితే వచ్చే మొత్తం ఎడిషన్ అదనపు ధరను దాటితే తీసుకోండి, మోడల్ చివరి రోజుల్లో సరుకు కదలక కంపెనీలు నిజంగానే చవగ్గా మూటకట్టే సందర్భాలు ఉంటాయి. దాటకపోతే మధ్య వేరియంట్ కొనండి. రీసేల్ ధరను ఈ లెక్కలోకి ఏ వైపూ రానివ్వకండి, షోరూం అతను ఎంత నచ్చజెప్పినా సరే. ఆయన ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానంటే అప్పుడు చూద్దాం.